మినీ డీవీ కెమెరాకి ఏ టేపులు కొనాలి? ఖరీదైనవి కొంటే బొమ్మ బాగా వస్తుందా?

ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు. రాదండీ. మినీ డీవీలో టేపు మీదికి ఎక్కేది డిజిటల్ డేటా. సెకనుకి 25 మెగాబిట్ల వీడియో, చవక టేపు మీదైనా ఖరీదైన టేపు మీదైనా అంతే. రంగులు, స్పష్టత అన్నీ లెన్సు, సెన్సరుల పని. టేపు చేయాల్సిందల్లా ఆ డేటాని పోగొట్టకుండా తిరిగి ఇవ్వడం. ఇవ్వలేనప్పుడు బొమ్మ మీద చదరపు గళ్లు పడతాయి, శబ్దం తెగిపోతుంది. దీన్నే డ్రాపౌట్ అంటారు.

నేను చాలా ఏళ్లు ఈ కెమెరాలతోనే తీశాను. ప్రొఫెషనల్ అని రాసి ఉన్నవీ వాడాను, సోనీ, పానసోనిక్ వాళ్ల మామూలు 60 నిమిషాల టేపులూ వాడాను. కొత్త టేపు మీద ఎస్పీ మోడ్‌లో, అంటే మామూలు వేగంలో, తీస్తే నాకు తేడా కనిపించలేదు. కాబట్టి మామూలు రకమే తీసుకోండి. మిగిలిన డబ్బుతో ఇంకొన్ని కొత్త టేపులు కొనండి, ఎందుకంటే అసలు ఇబ్బంది తెచ్చేది ఒకే టేపు మీద మళ్లీ మళ్లీ తీయడం. మళ్లీ దొరకని సందర్భానికి పాత టేపు పెట్టొద్దు, దయచేసి.

80 నిమిషాలవి ఇంకా పలచగా ఉంటాయి, నేను వాటి జోలికి పోను. టేపుని నెమ్మదిగా తిప్పే ఎల్పీ మోడ్ కూడా వద్దు. 60 నిమిషాల టేపు 90 నిమిషాలు వస్తుంది కానీ, టేపు మీద డేటా ఎక్కే గీత, అంటే ట్రాకు, వెడల్పు 10 మైక్రాన్ల నుంచి 6.7కి తగ్గిపోతుంది. ఒక కెమెరాలో ఎల్పీలో తీసినది ఇంకో కెమెరాలో సరిగా ఆడకపోవచ్చు.

బ్రాండ్లు కలపొద్దని మీరు వినే ఉంటారు. ఒక్కో కంపెనీ టేపు మీద వాడే లూబ్రికెంట్ వేరు, రెండూ కలిస్తే టేపుని చదివే హెడ్ మీద పేరుకుంటుంది అంటారు. దీని మీద వాదనలున్నాయి. నా మట్టుకు నేను ఒకే బ్రాండుకి అంటిపెట్టుకున్నాను, క్లీనింగ్ క్యాసెట్ అవసరం అరుదుగానే పడింది. అది హెడ్‌ని కొద్దిగా అరగదీస్తుంది కూడా, కాబట్టి దాని మీద రాసిన కొద్ది సెకన్లకి మించి తిప్పకండి.

మీది హెచ్‌డీవీ కెమెరా, అంటే ఇవే టేపుల మీద హెచ్‌డీ వీడియో తీసేది, అయితే మాత్రం నా సలహా మారుతుంది. దాని 1080ఐ మోడ్‌లో 12 లేదా 15 ఫ్రేములని ఒక గుంపుగా కలిపి కుదిస్తారు. ఒక్క డ్రాపౌట్ వచ్చినా దాదాపు అర సెకను బొమ్మ పోవచ్చు. అక్కడ మంచి రకం టేపుకి ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ఇప్పుడు అమ్మకానికి కనబడేవి చాలావరకు పాత స్టాకే. సీలు తీయనివే చూడండి. ముందు ఒక్కటే కొని, మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసి, మొత్తం వేసి చూడండి. ఎక్కడా గళ్లు పడకపోతే అదే స్టాకులోంచి మిగతావి తెప్పించుకోండి.