పాస్డ్ అవుట్ అని ఎక్కడ రాయొచ్చు, ఎక్కడ వద్దు

తమ్ముడూ,

నువ్వు పంపిన ఇంగ్లీషు కథ చదివాను. బాగుంది, ముఖ్యంగా బోరు ఎండిపోయాక ఆ పిల్ల తండ్రి ఎవరితోనూ మాట్లాడకుండా స్టార్టర్ డబ్బా దగ్గరే కూర్చునే భాగం. కానీ మొదటి పేజీలోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: 'షీ పాస్డ్ అవుట్ ఇన్ మే'. డిగ్రీ పూర్తయిందని నీ ఉద్దేశం. మన అనంతపురంలో ఎవరు చదివినా అలాగే అర్థం చేసుకుంటారు, ఉద్యోగం ఊసెత్తితే ఇక్కడ ముందు అడిగేదే 'ఏ ఇయర్ పాస్డ్ అవుట్?' అని. అయితే ఈ కథను నువ్వు విదేశీ పత్రికకు పంపాలనుకుంటున్నావు. అక్కడివాళ్లకు పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. పైగా మే నెల అన్నావు, అంతకుముందు వాక్యంలో మన ఎండ గురించి రాశావు, ఇంకేముంది, పిల్లకు వడదెబ్బ తగిలిందనే అనుకుంటారు. ఆ తర్వాత ఆమె ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతుంటే వాళ్లకు తలా తోకా దొరకదు.

శిక్షణ ముగించడం అనే అర్థం బ్రిటిష్ ఇంగ్లీషులోనూ ఉంది, కానీ ఎక్కువగా సైన్యం, పోలీసుల విషయంలోనే. మన పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో జరిగేది పాసింగ్ అవుట్ పరేడే కదా. కాబట్టి నీ కథలో ఎస్సై శిక్షణ ముగించి బయటికొస్తే 'పాస్డ్ అవుట్' అని ధైర్యంగా రాయి. డిగ్రీ అయితే 'గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్', ఆ ఫ్రమ్ వదిలెయ్యకు. పరీక్ష గట్టెక్కితే 'పాస్డ్ ది ఎగ్జామ్', అవుట్ అక్కర్లేదు.

ఇంకో అర్థం పంచిపెట్టడం. జాతరలో కుర్రాడు పాంప్లెట్లు పంచేచోట 'పాస్డ్ అవుట్ దెమ్' అన్నావు. పాంప్లెట్లు అని పేరుపెట్టి చెబితే అవుట్‌కు ముందైనా వెనకైనా రాసుకోవచ్చు, కానీ దెమ్, ఇట్ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: 'పాస్డ్ దెమ్ అవుట్'. మోటారు ఆపెయ్యమన్నా అంతే, 'టర్న్ ఇట్ ఆఫ్'. 'లుక్ ఆఫ్టర్' మాత్రం ఈ లెక్కలోకి రాదు, దాన్ని విడదీయలేం, 'లుక్ ఆఫ్టర్ దెమ్' అనే రాయాలి. ఏది విడిపోతుందో ఏది విడిపోదో బట్టీ పట్టకు. లెర్నర్స్ డిక్షనరీలో పాస్, లుక్ లాంటి చిన్న క్రియ తీసి, చివర్లో ఉండే ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకు అవుట్, ఆఫ్, ఆఫ్టర్ లాంటి చిన్నమాట చేరి ఒకే అర్థం ఇచ్చేవి) దగ్గర ఉదాహరణ వాక్యాలు నిదానంగా చదువు, చెవికి అలవాటవుతుంది.

ఇంత చెప్పానని పాత్రల మాటలు మాత్రం దిద్దెయ్యకు. వాళ్లమ్మ పక్కింటావిడతో 'మై డాటర్ ఈజ్ పాస్డ్ అవుట్' అని గర్వంగా చెప్పే మాట నాకు చాలా నచ్చింది, అక్కడ గ్రాడ్యుయేటెడ్ అని మారిస్తే ఆమె మన ఊరి అమ్మ కాకుండా పోతుంది. మన సీమ కథల్లో మాటల్లో యాస ఉంచి కథనం మామూలు భాషలో నడుపుతారే, అదే పద్ధతి. తెలియని పాఠకుడి కోసం ఆ మాట పక్కనే గోడమీద కాన్వొకేషన్ ఫోటో ఒకటి చూపించు, చాలు.

కథతోపాటు పంపే నీ పరిచయంలోనూ '2022 పాస్డ్ అవుట్' అని ఉంది. ఎడిటర్ కంట్లో ముందు పడేది అదే, దాన్ని ఇవాళే మార్చు. ఐదో పేజీలో 'కోప్ అప్ విత్' కనబడింది, అందులో అప్ తీసేసి 'కోప్ విత్' అని రాసి మళ్లీ పంపు.

అన్న