బుడిపో గుంతో ముందు తేల్చుకో

చి. కావ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన చంద్రుడి ఫొటో చూశాను. ఎర్రగా సున్నా చుట్టి "ఇది అగ్నిపర్వతమేనా పెదనాన్నా?" అని అడిగావు. దాని పేరు ఇనా. 1971లో అపోలో 15 వాళ్లు కక్ష్యలోంచి తీసిన ఫొటోల్లోనే కంటపడింది, కాబట్టి కొత్తది కనిపెట్టానని టెన్షన్ పడకు. కానీ దాని గొడవ ఇంకా తేలలేదు. నేర్చుకోవడానికి అంతకంటే మంచిది దొరకదు.

ముందు వెలుగు ఎటునుంచి పడుతోందో చూడు. నేను చదువుకునే రోజుల్లో విమానంలోంచి తీసిన ఫొటో ఇచ్చి మ్యాప్ గీయమన్నారు. గుండ్రటి గుట్ట ఒకటి చక్కగా గీశాను. ఆదివారం బస్సెక్కి వెళ్లి చూస్తే అది కంకర క్వారీ గుంత. అడుగున నీళ్లలో గేదెలు పడుకుని ఉన్నాయి! ఫొటోలో ఎండ కింది వైపు నుంచి పడితే మన కన్ను గుంతను గుట్టనుకుంటుంది. ఇప్పటికీ ప్రతి ఫొటోనూ ఒకసారి తలకిందులుగా తిప్పి చూస్తాను. నువ్వూ తిప్పు.

తర్వాత నీడ కొలువు. సూర్యుడు 14 డిగ్రీల ఎత్తులో ఉండి, చదును నేల మీద నీడ 40 మీటర్లు పడితే బుడిపె ఎత్తు సుమారు 10 మీటర్లు. ఒక్క ఫొటోతో సరిపెట్టుకోకు. ఏటవాలు ఎండలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి, నడినెత్తి ఎండలో నేల రంగు తేడాలు తెలుస్తాయి. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ ఫొటోల్లో అర మీటరు వివరం దాకా ఉంటుంది, మన చంద్రయాన్-2 కెమెరాకైతే పావు మీటరు. రెండూ ఉచితమే.

ఇక అసలు చిక్కు. ఇనా దాదాపు 3 కిలోమీటర్ల పొడవున్న పల్లం, అందులో గరుకు నేల మీద నున్నటి బుడిపెలు. వాటి మీద ఉల్క గుంతలు చాలా తక్కువ. గుంతలు తక్కువంటే నేల వయసు తక్కువ అన్న లెక్కతో, 2014లో కొందరు అది పది కోట్ల ఏళ్లలోపు లావా అన్నారు. 2017లో ఇంకొందరు కాదన్నారు. అది నురుగులా గడ్డకట్టిన రాయి, మరమరాల కుప్పలో గోలీ పడ్డట్టు ఉల్క దిగబడిపోయి గుంత చిన్నదవుతుంది, వయసు మాత్రం 350 కోట్ల ఏళ్లు అన్నారు. ఒకే ఫొటో, రెండు కథలు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది, కానీ నా మాట పట్టుకోకు.

అందుకే నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో కనిపించింది మాత్రమే రాయి: "నున్నగా ఉంది, అంచు దగ్గర పల్లం". "లావా" లాంటి ఊహ కుడి పేజీలోకే రావాలి. మహారాష్ట్రలో లోనార్ సరస్సు బసాల్ట్ రాతిలో, అంటే గడ్డకట్టిన లావాలో, ఉందని చాలాకాలం అగ్నిపర్వతం బిలమే అనుకున్నారు. ఉల్క దెబ్బకు గాజులా మారిన ఖనిజం అక్కడ దొరికాకే ఆ మాట పోయింది.

వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. ఈలోపు ఇనాలో ఒక్క బుడిపె ఎంచుకుని గుంతలు లెక్కపెట్టు. ఎర్ర సున్నాలు మాత్రం కాపీ మీదే చుట్టమ్మా, ఒరిజినల్ మీద వద్దు.

పెదనాన్న