బరువు మోసేది గాలేరా

చిరంజీవి మేనల్లుడికి,

వచ్చే వారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, డిక్కీ నిండా సామానుతో బయల్దేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గాలి సంగతి అడిగితే "కొత్త టైర్లే కదా" అన్నావట. బరువు మోసేది రబ్బరు కాదురా, లోపలున్న గాలి. బరువు పెరిగితే గాలి లెక్కా మారాలి.

ఆ లెక్క నువ్వు ఊహించనక్కర్లేదు. డ్రైవర్ డోరు తెరిస్తే కింద స్తంభం మీద స్టికర్ ఉంటుంది. కొన్ని బండ్లకి పెట్రోలు మూత వెనక అంటిస్తారు. చాలావాటిలో రెండు వరసలుంటాయి: మామూలుగా తిరిగేటప్పుడు ఒకటి, నిండా ఎక్కినప్పుడు ఇంకొకటి. నిండు బండికి వెనక టైర్లలోనే ఎక్కువ పెంచమంటుంది, సామాను కూర్చునేది అక్కడే కదా. టైరు మీద 44 psi అనో 51 psi అనో (psi అంటే గాలి ఒత్తిడి కొలత) అచ్చేసి ఉంటే అది నింపాల్సిన అంకె అనుకోకు. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు.

గాలి చూసేది మాత్రం చల్లటి టైర్లలోనే. బండి ఆపి కనీసం మూడు గంటలైనా అయ్యుండాలి. ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. ఓసారి నిండు బండితో వెళ్తూ మిట్టమధ్యాహ్నం దారిలో ఆగి గాలి కొలిచే గేజ్ పెట్టాను. 33 ఉండాల్సింది 38 చూపించింది. ఎక్కువైందని వాల్వ్ పిన్ను నొక్కి తీసేశాను. వేడికి పెరిగిన గాలి అది, చల్లారితే దానంతటదే దిగేది. సాయంత్రం దిగి వెనక టైరు పక్కన చెయ్యి పెడితే చుర్రుమంది. మర్నాడు పొద్దున గేజ్‌లో 28! గాలి చాలని టైరు ప్రతి చుట్టుకీ నలిగి వేడెక్కుతుంది. అదృష్టం బాగుండి పేలలేదంతే.

ఇంకో మాట. బండి మోయగలిగినదానికి మించి ఎక్కించి, "గాలి కొంచెం ఎక్కువ కొట్టిస్తే సరిపోతుంది" అనుకోకు. టైరు సైజు పక్కన 91 అని ఉంటే ఆ ఒక్క టైరూ 615 కిలోలే మోస్తుందని అర్థం. అదీ సరైన గాలి ఉంటేనే. దానికి గాలి కొట్టి విరుగుడు లేదు, సామానే దింపాలి.

టైర్లలో నైట్రోజన్ నింపించడం గురించి అడిగావట. నింపించుకుంటే తప్పులేదు గానీ మామూలు గాలిలోనే 78 శాతం అదే. ఆ డబ్బుతో సొంతానికి ఒక గేజ్ కొనుక్కో, నెలకోసారి చూసుకోవచ్చు.

తిరిగొచ్చి సామాను దింపాక గాలి మళ్లీ మామూలు లెక్కకి దించు. లేకపోతే ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, టైరు నడిమధ్యే అరిగిపోతుంది.

బయల్దేరే ముందు స్టెప్నీలో కూడా గాలి చూడు. డిక్కీ సర్దేశాక దాన్ని బయటికి తియ్యడం నీ వల్ల కాదు.

మీ మామయ్య