పన్నెండు కొట్టేదాకా గడియారం ముందే కూర్చోవాలా?

ప్రశ్న: నమస్తే సార్. మా వాకింగ్ గ్రూపులో ఎనిమిది మంది ఆడవాళ్లం వచ్చే నెల హైదరాబాద్ వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియం చూసొద్దామనుకుంటున్నాం. ఒకావిడ అల్లుడు గైడ్‌ని మాట్లాడిపెట్టాడు. రెండు గంటల్లో మొత్తం చూపిస్తాడట. చిన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్‌లో వెళ్లాను గానీ గడియారం తప్ప ఏమీ గుర్తులేదు. బొమ్మల గురించి మాకు తెలిసింది సున్నా. ఏమన్నా అడిగితే నవ్వుతారేమోనని టెన్షన్. ఎట్లా చూడాలో చెప్పండి.
- బ్యాంకు రిటైర్డ్ ఉద్యోగిని, కర్నూలు

జవాబు: అమ్మా, ఆ ‘మొత్తం’ మాత్రం వద్దని గైడ్‌కి ఫోన్లోనే చెప్పేయండి. నిజాం దగ్గర దివానుగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో కన్నుమూసేదాకా కొంటూనే ఉన్నాడు. అంతకుముందు తాత, తండ్రి కొన్నవి ఉండనే ఉన్నాయి. 1951లో వాళ్ల భవంతి దివాన్ దేవిడీలో జనానికి తలుపులు తీశారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. రెండు గంటల్లో అదంతా అంటే మిగిలేది నడకే. నడక మీరు కర్నూల్లో రోజూ చేస్తున్నదేగా!

మూడు నాలుగు వస్తువులు అనుకుని వెళ్లండి. మేలిముసుగు రెబెకా దగ్గర పావుగంట ఆపమనండి. ఇటలీ శిల్పి జియోవన్నీ మరియా బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నాడు. పెళ్లాడబోయే ఇస్సాకు ఎదురొస్తుంటే రెబెకా ముసుగు వేసుకుంటుందని బైబిల్లో ఉంది, మన తెలుగు బైబిల్లో ఆమె పేరు రిబ్కా. పల్చటి బట్ట వెనక ముఖం తొంగిచూస్తున్నట్టే ఉంటుంది గానీ వెనక ఏమీ లేదు, ముసుగూ ముఖమూ ఒకటే రాయి. ముక్కు, రెప్పలు, పెదవులు అంచులు తేలకుండా మెత్తగా చెక్కి, వాటి మీదుగా మడతల్ని సన్నగా నడిపించాడు. మిగతాది మన కన్నే పూరించుకుంటుంది. తల దగ్గర మొదలయ్యే మడత ఒకదాన్ని పట్టుకుని చూపుతో కిందికి దిగండి. ఎక్కడ అది బట్ట, ఎక్కడ చెంప అనేది తేల్చుకోలేరు. స్కూల్లో డ్రాయింగ్ చెప్పే రోజుల్లో పిల్లల చేత నేను చేయించిన పని ఇదే.

జర్మన్ కవి గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని సైతాను మెఫిస్టోఫిలీస్‌ను ముందువైపు, అందులోని అమాయకపు పిల్ల మార్గరెట్టాను వెనకవైపు ఒకే మానులో చెక్కిన కొయ్యబొమ్మ ఉంది. వెనక అద్దం పెట్టారు కాబట్టి అందరూ ఎదురుగా నిలబడి ఆ అద్దంలోకి చూసి వెళ్లిపోతారు. మీరు వీలైనంత పక్కకి జరగండి. వాడి పొగరు ఎక్కడ ఆగి ఆమె సిగ్గు ఎక్కడ మొదలైందో అక్కడినుంచే తెలుస్తుంది.

ఇక దంతపు కుర్చీలు. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కి పంపినవని చెబుతారు. ఇవి చూస్తే నాకు మన ఊళ్లే గుర్తొస్తాయి. కడప, అనంతపురం వైపు ప్రాంతాలు మైసూరు ఏలుబడి నుంచి 1792, 1799 సంధులతో నిజాం చేతికొచ్చాయి. 1800లో ఆయన వాటిని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలు అయ్యింది అట్లాగే. కుర్చీలేమో చివరికి నిజాం దివాను ఇంటికి చేరాయి, మనమేమో మద్రాసు కిందికి పోయాం.

నవ్వుతారేమోనన్న మాటకొస్తే, ఎనిమిది మంది ఉండటమే మీకు మేలు. నలభై మందిలో అయితే గైడ్ గొంతు వినపడదు, ముందువాళ్ల జడలు తప్ప ఏమీ కనపడవు. “ఇది దేంతో చేశారు? ఎట్లా చేశారు?” ఈ రెండు ప్రశ్నలు చాలు, మంచి గైడ్ అయితే హుషారెక్కుతాడు. “ఇప్పుడు దీని ఖరీదు ఎన్ని కోట్లో తెలుసా” అని మొదలుపెడితే మాత్రం మళ్లీ ఇవే అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు వరసలో ఉండి, గైడ్‌ని వాళ్ల నడకకి తగ్గట్టు నడవమనండి.

గడియారం చూడొద్దని అనను. అందులోని గడ్డపాయన బొమ్మ గబగబా బయటికొచ్చి గంట కొట్టి లోపలికెళ్లడం ఎవరికైనా సరదానే. కానీ జనమంతా పన్నెండుకి ఎగబడతారు. మీరు పదకొండుకే చూసేయండి, తగ్గేది ఒక్క దెబ్బేగా! శుక్రవారం సెలవు, ఆరోజు పెట్టుకోకండి. బస్సులో వెళ్తే ఇమ్లీబన్‌లో దిగండి, అక్కణ్ణుంచి దగ్గరే. పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి ఉగ్గాని డబ్బాలో పెట్టుకోండి, బజ్జీలు దారిలో మెత్తబడతాయి, వద్దు.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి, బొమ్మలు బాగా వేస్తుంది. తనని కూడా హైదరాబాద్ మ్యూజియానికి తీసుకెళ్లాలా సార్?
- ఒక తండ్రి, అనంతపురం

జవాబు: తీసుకెళ్లండి, కానీ ముందు లేపాక్షి. వీరభద్రస్వామి గుడి కప్పు మీద విజయనగరం కాలం నాటి రంగులు ఇంకా ఉన్నాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం కథలు అక్కడే చూడొచ్చు. ఆ ఆడవాళ్ల చీర అంచుల్ని మాత్రమే నోట్‌బుక్‌లో దించుకోమనండి, ఒక పూటకి అదే ఎక్కువ. మెడ నొప్పి పుడుతుంది, మధ్యమధ్యలో కూర్చోబెట్టండి. మీ ఫోన్ జేబులోంచి తీయకండి. పాప బొమ్మ వేస్తుంటే ఫొటో తీయబోతారని నాకు తెలుసు.