వీర్యకణాలు సున్నా అంటే వృషణాలు పాడైనట్టేనా?

వీర్య పరీక్షలో పరిమాణం తక్కువ, ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండే చక్కెర) లేదు, కణాలు సున్నా అని వచ్చింది, ఇక వృషణాలు పనిచేయనట్టేనా అని అడిగారు. అలా అనుకోనక్కర్లేదు. అచ్చం ఇలాంటి రిపోర్టే చేతిలో పెట్టుకుని నేను మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు, నా భార్యకు కూడా చూపించలేదు.

నాది 0.6 మిల్లీలీటర్లు, పీహెచ్ 6.6 (అంటే కొంచెం ఆమ్లం), ఫ్రక్టోజ్ నెగెటివ్, కణాలు నిల్. నేను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. డాక్టర్ గారు మాత్రం ముందున్న మూడూ చూసి, "వృషణాల సంగతి తర్వాత, ముందు దారి మూసుకుందేమో చూద్దాం" అన్నారు. అప్పటిదాకా వీర్యమంతా వృషణాల నుంచే వస్తుందనుకున్నాను. నిజానికి అక్కడి నుంచి వచ్చేది చాలా కొద్ది, నూటికి ఐదు వంతులు అటూ ఇటూ. అందుకే వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకు వీర్యం తగ్గినట్టే తెలియదు.

మిగతాదంతా అనుబంధ గ్రంథులది. మూత్రాశయం వెనక రెండు శుక్రాశయాలు ఉంటాయి, ఒక్కోటి ఐదు సెంటీమీటర్ల పొడవు, లోపల మెలికలు తిరిగిన గొట్టం. పేరు చూసి కణాలు అక్కడ నిల్వ ఉంటాయనుకుంటాం, కానీ అవి ఉండేది వృషణాన్ని అంటిపెట్టుకున్న ఎపిడిడిమిస్‌లో. శుక్రాశయాలు తయారుచేసేది ద్రవం, వీర్యంలో దాదాపు మూడింట రెండు వంతులు ఇదే. కణాలకు ఇంధనమైన ఫ్రక్టోజ్, యోనిలోని ఆమ్లాన్ని తట్టుకునే క్షారగుణం, బయటికి రాగానే వీర్యం గడ్డకట్టేలా చేసే ప్రోటీన్లు, ఇవన్నీ ఇక్కడివే.

మూత్రాశయం కింద అక్రోటు కాయంత ఉండేది ప్రోస్టేట్, మన పుస్తకాల్లో పౌరుష గ్రంథి. మూత్రం వెళ్లే నాళం దీని మధ్యలోంచే పోతుంది, కాబట్టే వయసు మీద పడి ఇది పెరిగితే మూత్రం కష్టమవుతుంది. దీని ద్రవం పల్చగా, కొంచెం ఆమ్లంగా ఉంటుంది, అందులో జింక్, సిట్రిక్ ఆమ్లం ఉంటాయి, పీఎస్ఏ అనే ప్రోటీన్ కూడా. పీఎస్ఏ అంటే కేన్సర్ పరీక్ష పేరుగానే విన్నాం కదా, దాని అసలు పని గడ్డకట్టిన వీర్యాన్ని అరగంట లోపు మళ్లీ పల్చబరచి కణాలను కదలనివ్వడం. ఇక కౌపర్ గ్రంథులు బఠాణీ గింజంతవి, ముందుగా వచ్చే నాలుగు జిగురు చుక్కలు వాటివే, నాళంలో మిగిలిన మూత్రపు ఆమ్లాన్ని పోగొడతాయి. అది చూసి జబ్బేమోనని భయపడక్కర్లేదు.

అసలు కిటుకు దారిలో ఉంది. కణాలు తెచ్చే శుక్రవాహిక, శుక్రాశయం నాళం కలిసి స్ఖలన నాళం అవుతుంది. అటొకటి ఇటొకటి, రెండు సెంటీమీటర్ల నాళాలు, ప్రోస్టేట్‌లోంచి వెళ్లి మూత్రనాళంలో తెరుచుకుంటాయి. ప్రోస్టేట్ ద్రవానికి మాత్రం వేరే సన్న నాళాలున్నాయి. అంటే స్ఖలన నాళాలు రెండూ మూసుకుపోతే కణాలూ రావు, శుక్రాశయాల ద్రవమూ రాదు, బయటికొచ్చేది దాదాపు ప్రోస్టేట్ ద్రవమే. కొంచెమే ఉంటుంది, ఆమ్లంగా ఉంటుంది, ఫ్రక్టోజ్ ఉండదు, గడ్డ కూడా కట్టదు. నా రిపోర్ట్ అచ్చం అదే! వృషణాల్లో కణాలు తయారవ్వకపోవడమే సమస్య అయితే సాధారణంగా పరిమాణం, ఫ్రక్టోజ్ మామూలుగానే ఉంటాయి, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ బాగా పడిపోతే తప్ప.

కొందరికి పుట్టుకతోనే శుక్రవాహికలు ఉండవు, వాళ్ల రిపోర్టూ ఇలాగే ఉంటుంది. దాన్ని డాక్టర్ చేత్తో తడిమి చూస్తారు. నాకు అవి ఉన్నాయి, కణాలు తయారుచేయమని వృషణాలను ప్రేరేపించే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ కూడా నార్మల్. మలద్వారం గుండా చేసే స్కాన్‌లో (కొంచెం ఇబ్బందే, పది నిమిషాల్లో అయిపోయింది) ప్రోస్టేట్ మధ్యలో చిన్న నీటితిత్తి నాళాలను నొక్కుతూ కనిపించింది, శుక్రాశయాలు ఉబ్బి ఉన్నాయి. కోత లేకుండా మూత్రనాళంలోంచే ఆపరేషన్ చేశారు. మూడు నెలల తర్వాతి పరీక్షలో 2.2 మిల్లీలీటర్లు, ఫ్రక్టోజ్ పాజిటివ్, కణాలూ కనిపించాయి. కొందరికి దారి మళ్లీ మూసుకుపోతుందని చెప్పి, అప్పుడే శాంపిల్ ఫ్రీజ్ చేయించమన్నారు, చేయించాను.

మీరు ముందు పరీక్ష మళ్లీ చేయించండి, రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత, ఒక్క చుక్క కూడా డబ్బా బయట పడకుండా. ఎక్కువ కణాలు ఉండేది మొదటి భాగంలోనే, అది పోతే లెక్కంతా తప్పుతుంది. మళ్లీ అదే వస్తే యూరాలజిస్ట్‌ దగ్గరికి వెళ్లి శుక్రవాహికలు ఉన్నాయో లేదో చూడమనండి, ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్, ఆ స్కాన్ గురించి అడగండి, స్ఖలనం తర్వాత మూత్రంలో కణాలున్నాయా అని కూడా (వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతోందేమో తెలియడానికి). వెళ్లేటప్పుడు మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి, నేను రెండోసారి తీసుకెళ్లాను, నాకు తోచని ప్రశ్నలన్నీ తనే అడిగింది.