ఆ జర్మన్ సైనికుడి కుటుంబం జాడ

మీ కోడలి పూర్వీకుడు 32వ ఇండియానా పటాలంలో చేరి అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయాడని తెలిసినా, భార్యాపిల్లల వివరాలు దొరకట్లేదన్నారు కదండీ. పటాలం హాజరు పట్టీల్లో ఇంటి సంగతులు దాదాపు ఉండవు. వాషింగ్టన్‌లో అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌ను వితంతు పింఛను ఫైలు అడగండి. 1862 చట్టం ప్రకారం మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్లు వచ్చేవి. ఆ డబ్బు కోసం పాపం ఆవిడ పెళ్ళికీ, పిల్లల పుట్టుకకీ రుజువులు చూపించాల్సి వచ్చేది. జర్మనీలో పెళ్ళయి ఉంటే అక్కడి చర్చి కాగితం కూడా జతచేసి ఉండొచ్చు. జర్మనీలో వాళ్ళ ఊరి పేరు కూడా అందులోనే తగలొచ్చు.

ఇంకోటి, ఇంటిపేరు ష్మిట్ అయితే స్మిత్ అని కూడా వెతకండి. గుమస్తాలు చెవికి వినిపించినట్టు రాసేసేవాళ్ళు.