చదువు–సందేహం: ఇంటర్నేషనల్ స్కూల్లో తెలుగు

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు. కొండాపూర్‌లో ఉంటున్నాం. ఇంగ్లిష్, తెలుగు సమానంగా నేర్పుతామని ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూలువాళ్లు అంటున్నారు. ఫీజు చూస్తే టెన్షన్‌గా ఉంది. చేర్చమంటారా మేడమ్?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఇది అడగండమ్మా: ఐబీ గుర్తింపు వచ్చేసిందా, ఇంకా ‘క్యాండిడేట్’ దశలోనే, అంటే గుర్తింపు కోసం ప్రయత్నిస్తూనే ఉన్నారా? ఆ దశలో ఉన్నంత మాత్రాన గుర్తింపు వచ్చి తీరుతుందని లేదు. ఐబీ వెబ్‌సైట్‌లో స్కూలు పేరు వెతికితే తెలిసిపోతుంది.

ఇక తెలుగు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి దాకా ఐబీ బడుల్లోనూ తెలుగు నేర్పాల్సిందే. కాబట్టి ‘మా దగ్గర తెలుగుంది’ అనడం గొప్పేమీ కాదు. బ్రోచర్ పక్కనపెట్టి టైమ్‌టేబుల్ చూపించమనండి. వారానికి రెండు పీరియడ్లు పెట్టి, రెండు భాషలూ సమానమంటే నేనైతే ఒప్పుకోను. మూడో తరగతి పిల్లల తెలుగు నోటుబుక్కులు తిరగేయండి. అన్నింట్లో ఒకే జవాబు, ఒకే దిద్దుబాటు ఉంటే అది బోర్డు చూసి ఎక్కించిందే. అదే ఒక పాప ‘మా తాత బరె పేరు గౌరి’ అని ఒత్తు మరిచి రాస్తే, టీచరు ఒత్తు దిద్ది, పక్కనే ‘గౌరి ఏం తింటుంది?’ అని అడిగిందనుకోండి, ఆ టీచరున్న బడిలో ధైర్యంగా చేర్చండి.

ఫీజంటారా, బస్సు, భోజనం, ట్రిప్పులు, ఏటా పెంపు అన్నీ కలిపి కాగితం మీద రాసివ్వమనండి. పదో తరగతి వరకు లెక్కేసుకోండి. భరించలేక మధ్యలో మాన్పిస్తే బాబు బాగా నలిగిపోతాడు.